పీపాలో నిలవని గ్యాస్: హనుమకొండ దుకాణంలో ఇంగ్లాండు ప్రెషర్ బ్యారెల్ కేసు

ఇంగ్లాండులో ఇంటి బీరు కాచుకునేవారు వాడే ప్లాస్టిక్ ప్రెషర్ బ్యారెల్లు రెండు, కిందటి వేసవిలో హనుమకొండ నయీంనగర్‌లోని ఒక చిన్న శీతల పానీయాల దుకాణంలో ఒకదానికొకటి పొంతన లేని రెండు ఫిర్యాదులకు కారణమయ్యాయి. మొదటి పీపాలో పోసిన అల్లం పానీయం మధ్యాహ్నానికల్లా చప్పబడిపోతోంది. రెండో పీపా మాత్రం, అందులోకి గ్యాస్ ఎక్కించకముందే, కొన్ని రోజుల్లో తెల్లవారేసరికి పొట్ట ఉబ్బి కనిపిస్తోంది. యజమాని అప్పటికే మూత వాషర్లు మార్పించారు, నల్లా మరలకు టెఫ్లాన్ టేపు చుట్టించారు, గ్యాస్ నాసిరకమేమోనన్న అనుమానంతో సిలిండర్ నింపించే దుకాణాన్ని కూడా మార్చి చూశారు. ఏదీ ఫలించలేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో సోడా మిషన్లు, డ్రింక్ కూలర్లు బిగించి బాగుచేసే పని నాది కాబట్టి కబురు నా దాకా వచ్చింది. "తమ్మీ, పొద్దుగాల నింపితే పగటీలికే సప్పగైతాంది, గ్యాస్ ఎటు పోతాందో సమజైతలేదు" అని ఆయన ఫోన్‌లో అన్నారు. తనిఖీ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

యజమాని దంపతులు ఉత్తర ఇంగ్లాండులో చాలా కాలం ఉండి తిరిగొచ్చినవారు. అక్కడ ఇంటి వాడకానికి బీరు కాచుకోవాలంటే ఒకప్పుడు లైసెన్సు ఉండేది. 1963లో అప్పటి ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ నిబంధన ఎత్తివేసిన తరువాత అలవాటు బాగా వ్యాపించింది. మాల్ట్ పాకం డబ్బా ఒకటి, ఈస్టు పొట్లం ఒకటి, ఇలాంటి పీపా ఒకటి కొనుక్కుంటే పని మొదలుపెట్టవచ్చు. ఇక్కడ పరిస్థితి వేరు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరమే, అది ఇంట్లోవాళ్లు తాగడానికైనా సరే. ఆ సంగతి తెలిసే వారు సామానుతో పాటు వచ్చిన పీపాలను అల్లం పానీయానికీ సుగంధి షర్బత్‌కూ కేటాయించారు. అందువల్ల ఈ వ్యాసంలో బీరు గురించి వచ్చే లెక్కలు పీపా పుట్టిన చోటివి, దుకాణం లెక్కలు మద్యం లేని పానీయానివి. కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం ఆ తేడా పెద్దగా పట్టదు. ద్రవంలో కరిగే తీరు రెండింటిలోనూ దాదాపు ఒక్కటే.

పీపా తీరు

ఈ పీపా 5 ఇంపీరియల్ గ్యాలన్లది, అంటే సుమారు 23 లీటర్లు పడుతుంది. మందపాటి ప్లాస్టిక్ గోడ, అడుగున నల్లా, పైన నాలుగు అంగుళాల వెడల్పున్న మరమూత, ఆ మూత నడుమ ఒక ఇత్తడి వాల్వు ఉంటాయి. వాల్వు రెండు పనులు చేస్తుంది. చిన్న సిలిండర్ గానీ 8 గ్రాముల గ్యాస్ పట్టే చిన్న స్టీలు బుల్బు గానీ బిగించినప్పుడు గ్యాస్‌ను లోపలికి పంపడం ఒకటి, లోపల ఒత్తిడి మితిమీరితే బయటికి వదలడం రెండోది. ఈ రెండో పనికి ఉన్న సాధనమల్లా వాల్వు కాడలోని సన్నని రంధ్రాన్ని కప్పి పట్టుకున్న ఒక రబ్బరు తొడుగు. లోపలి ఒత్తిడి రబ్బరు పట్టును మించగానే గ్యాస్ ఆ తొడుగును కొద్దిగా ఎత్తి, చెవి దగ్గర పెడితే తప్ప వినిపించనంత మెల్లగా బయటపడుతుంది. ఈ తరహా పీపాల్లో అది మామూలుగా 10 నుంచి 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే ఒత్తిడి కొలత) మధ్య తెరుచుకుంటుంది. మొదటి పీపాలో, ఒత్తిడి కొలిచే నా గేజీ ప్రకారం, 11 దగ్గర తెరుచుకుంది. శీతల పానీయాల కంపెనీలు వాడిన 19 లీటర్ల స్టీలు కెగ్గు 130 పీఎస్ఐ దాకా తట్టుకునేలా చేసినది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు ఈ అంకెల దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఫిర్యాదులో సగం జవాబు అక్కడే ఉంది.

లీకేజీ లేదని తేల్చిన పద్ధతి

గ్యాస్ పోతోందంటే ఎవరికైనా ముందు తోచేది లీకేజీ. మొదటి పీపాను ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టి, తెల్లవారుజామున 8 పీఎస్ఐ ఎక్కించి, మూత అంచు చుట్టూ, వాల్వు మెడ దగ్గర, నల్లా మరల దగ్గర కుంకుడు నురుగు పూశాను. ఈ పనికి సబ్బు నీళ్ల కన్నా చిక్కటి కుంకుడు రసమే నాకు అనుకూలం. నురుగు ఎక్కువసేపు నిలబడుతుంది, సన్నని బుడగ కూడా కంటికి కనబడుతుంది. మూత దగ్గర ఒకే ఒక చోట బుడగలు లేచాయి. వాషర్‌కు పెట్రోలియం జెల్లీ పూసి పూసి రబ్బరు ఉబ్బి మెత్తబడింది. అది సహజ రబ్బరు కాబట్టి జెల్లీ దానికి పడదు. ఆహార పదార్థాలకు పనికివచ్చే సిలికాన్ గ్రీజు వాడాలి. వాషర్ మార్చాక ఖాళీ పీపాలో ఒత్తిడి పగలంతా నిలిచింది. నిలవడమే కాదు, ఎండ ఎక్కేకొద్దీ దాదాపు ఒక పీఎస్ఐ పెరిగింది. 28 డిగ్రీల గ్యాస్ 40 డిగ్రీలకు వేడెక్కితే పెరగవలసిన మేరకే అది పెరిగింది కాబట్టి పీపా గట్టిగానే ఉందని తేలింది.

అయినా పానీయం పోస్తే చప్పబడుతోంది. అప్పుడు దుకాణంలోనే ఉన్న 30 కిలోల ఎలక్ట్రానిక్ త్రాసును వాడుకున్నాం. అది 5 గ్రాముల తేడా చూపిస్తుంది. 8 డిగ్రీలకు చల్లబరచిన 20 లీటర్ల పానీయాన్ని పీపాలో పోసి, లోపలి గాలిని గ్యాస్‌తో బాగా తోలేసి, 10 పీఎస్ఐ దగ్గర పట్టి ఉంచి, ఇక కరగదు అన్నంతవరకు దొర్లించి, సిలిండర్ గొట్టం తీసేసి త్రాసు మీద పెట్టాము. చల్లటి పీపాకు చెమట పడుతుంది; ఆ తడి కూడా బరువే కాబట్టి ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి అంకె చూశాము. నల్లా ఎవరూ తిప్పలేదు. గేజీ ముల్లు ఉదయం పదిన్నర దాటకముందే 11కు చేరి అక్కడే ఆగింది. సాయంత్రం నాలుగింటికి పానీయం 27 డిగ్రీలకు వచ్చేసరికి త్రాసు 30 గ్రాములు తక్కువ చూపింది. రబ్బరు తొడుగు మీద ఒక చుక్క నీళ్లు వేస్తే ఆ చుక్క ఆగకుండా చిన్నచిన్న బుడగలుగా ఉడుకుతోంది. గ్యాస్ పోయే దారి అదే. వాల్వు చెడిపోలేదు, తన పని తాను సరిగ్గా చేస్తోంది.

వేడికీ ఒత్తిడికీ ఉన్న లెక్క

ద్రవంలో కరిగే గ్యాస్ పరిమాణం ఆ గ్యాస్ ఒత్తిడిని బట్టి పెరుగుతుందన్నది విలియం హెన్రీ 1803లో చెప్పిన నియమం. సోడా పని చేసేవారందరికీ ఇది అనుభవంలో తెలుసు. కానీ ఎంత కరుగుతుందన్నది ద్రవం ఎంత చల్లగా ఉందన్న దాని మీద ఆధారపడుతుందన్న రెండో సగాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఒక వాతావరణ ఒత్తిడి (సుమారు 14.7 పీఎస్ఐ) దగ్గర స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ లీటరు నీటిలో 5 డిగ్రీల దగ్గర సుమారు 2.8 గ్రాములు కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 1.7, 30 డిగ్రీల దగ్గర 1.26, 40 డిగ్రీల దగ్గర గ్రాము కూడా లేదు.

ఈ పీపాను తయారుచేసినవారి మనసులో ఉన్నది ఇంగ్లాండు నేలమాళిగ. అక్కడ బీరు 12 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, వారికి కావలసిన గ్యాస్ కూడా తక్కువే. లీటరుకు 3 గ్రాములు ఉంటే వాళ్ల ఏల్ బీరుకు అది పుష్కలం. 12 డిగ్రీల దగ్గర ఆ 3 గ్రాములను పట్టి ఉంచడానికి గేజీ మీద 5, 6 పీఎస్ఐ సరిపోతుంది. అదే 3 గ్రాములను 30 డిగ్రీల దగ్గర పట్టి ఉంచాలంటే 20 పీఎస్ఐ కావాలి. వాల్వు 11 దగ్గరే తెరుచుకుంటుంది. మే నెలలో పగలు 42 డిగ్రీలు మామూలైన ఊళ్లో, రేకుల వసారాలో ఉంచిన పీపా లోపలి గ్యాస్‌ను నిలుపుకోలేదు, నిలుపుకునేలా దాన్ని ఎవరూ తయారుచేయలేదు. పీపా వెంట వచ్చిన సూచనల కాగితం ఎంత గ్యాస్ పట్టాలో చెబుతుంది గానీ ఎంత చల్లగా ఉండాలో ఒక్క మాటలో దాటేస్తుంది. రాసినవారికి అది సమస్యే కాదు కదా. పీఎస్ఐ అంకె పక్కన డిగ్రీల అంకె లేకుండా ఎవరైనా గ్యాస్ లెక్క చెబితే దాన్ని సగం లెక్కగానే తీసుకోవాలని నా అభిప్రాయం.

ఇంతవరకు చెప్పినది గాలిని తోలేసి చేసిన పరీక్ష సంగతి. యజమాని రోజూ చేసే పద్ధతిలో ఇంకో లోటు ఉంది. ఆయన పానీయం పోసి, మూత బిగించి, పైన మిగిలిన గాలిని అలాగే ఉంచి గ్యాస్ ఎక్కించేవారు. గేజీ 10 చూపేది, పని అయిందనుకునేవారు. గేజీకి గాలికీ కార్బన్ డయాక్సైడ్‌కూ తేడా తెలియదు. అది చూపేది బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్న మొత్తం ఒత్తిడిని. ద్రవంలో కరిగేది మాత్రం కార్బన్ డయాక్సైడ్ వాటా మేరకే. లోపల ఒక వాతావరణం మేర గాలి ఉండగా పైన 10 పీఎస్ఐ గ్యాస్ చేరిస్తే గ్యాస్ వాటా 0.68 వాతావరణం మాత్రమే. గాలి లేకుండా అదే 10 పీఎస్ఐ ఉంటే వాటా 1.68. అంటే ఒకే అంకె చూపే రెండు పీపాల్లో, 5 డిగ్రీల దగ్గర, గాలి తోలినదానిలో లీటరుకు 4.6 గ్రాములు కరుగుతుంది, గాలి ఉన్నదానిలో 1.9 గ్రాములు. ఆయన దుకాణంలో పానీయం ఉదయమే చప్పదనానికి దగ్గరగా బయలుదేరేది. ఎండ మిగతాది పూర్తిచేసేది.

గాలిని తోలడానికి 10 పీఎస్ఐ ఎక్కించి వదలడం, మళ్లీ ఎక్కించి వదలడం అందరూ చేసే పని. మూడుసార్లు చేస్తే చాలని చెబుతుంటారు. లెక్క చూస్తే మూడుసార్ల తరువాత కూడా పాత గాలిలో ఐదో వంతు మిగిలే ఉంటుంది. ఐదుసార్లు చేస్తే 7 శాతానికి దిగుతుంది. బీరులో ఆ కాస్త ఆక్సిజన్ రుచిని పాడుచేస్తుంది కాబట్టి అక్కడివారు దీన్ని శ్రద్ధగా చేస్తారు. అల్లం పానీయానికి రుచి బెడద అంతగా లేకపోయినా గ్యాస్ లెక్క కోసం చేయక తప్పదు. పీపాను మెడ దాకా నింపి పైన ఖాళీని తగ్గించుకుంటే తోలే శ్రమా, గ్యాస్ ఖర్చూ రెండూ తగ్గుతాయి.

బుల్బుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే విదేశాల నుంచి పీపా తెచ్చుకున్నవారు వెంట బుల్బుల పెట్టె కూడా కోరుకుంటారు. ఒక బుల్బులో ఉండేది 8 గ్రాములు. బయటికి వస్తే సుమారు 4.4 లీటర్ల వాయువు. దాన్ని 20 లీటర్ల పానీయానికి పంచితే లీటరుకు అర గ్రాము కూడా రాదు. పైగా నిండు పీపాలో, పైన రెండు లీటర్ల ఖాళీ మాత్రమే ఉన్నప్పుడు బుల్బు వదిలితే ఒక్కసారిగా 30 పీఎస్ఐకి పైగా లేస్తుంది, తొడుగు తెరుచుకుని చాలా భాగం బయటికి పోతుంది. పది లీటర్లు వాడేశాక, నల్లా ధార సన్నగిల్లినప్పుడు అదే బుల్బు వదిలితే ఒత్తిడి 5, 6 పీఎస్ఐ పెరిగి, మిగిలిన పానీయం సాఫీగా వస్తుంది. ఆ బుల్బు ఉన్నది ధార కోసం. నురగ ఇవ్వడం దాని పని కాదు.

ఉబ్బిన పీపా

రెండో ఫిర్యాదుకు కారణాలు రెండు కలిశాయి. యజమాని రాత్రి మిగిలిన పానీయాన్ని పారబోయడానికి మనసొప్పక ఈ పీపాలోకి మార్చి ఉంచేవారు. అల్లం తొక్క మీద అడవి ఈస్టు సహజంగానే ఉంటుంది, పానీయంలో లీటరుకు 90 గ్రాముల చక్కెర ఉంది, రాత్రి వేడి 30 డిగ్రీలకు తగ్గడం లేదు. పులియడానికి ఇంతకన్నా ఏం కావాలి? చెట్టు దించిన కల్లు మధ్యాహ్నానికి ఏమవుతుందో తెలిసిన ప్రాంతంలో ఇది ఎవరికైనా అర్థమవుతుంది. ఒక గ్రాము చక్కెర పులిస్తే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్, దాదాపు అర గ్రాము ఆల్కహాల్ వస్తాయి. లీటరుకు 5 గ్రాముల చక్కెర పులిసినా 2.4 గ్రాముల గ్యాస్ పుడుతుంది. 30 డిగ్రీల దగ్గర దానికే గేజీ 13 దాటాలి. హైడ్రోమీటర్ పెట్టి చూస్తే సాయంత్రానికీ ఉదయానికీ చిక్కదనం తగ్గినట్లు స్పష్టంగా కనిపించింది.

ఇంగ్లాండులో ఇదే పనిని కావాలని చేస్తారు. బీరును పీపాలో పోసేటప్పుడు 5 గ్యాలన్లకు 80, 100 గ్రాముల చక్కెర వేసి మూత బిగిస్తే మిగిలిన ఈస్టు దాన్ని తిని గ్యాస్ పుట్టిస్తుంది. అక్కడ చక్కెర తూచి వేస్తారు, అది అయిపోగానే పులియడం ఆగిపోతుంది. ఇక్కడ దానికి ఇరవై రెట్లు చక్కెర తెరిచిన ఖజానాలా ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది: మన ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం ఆల్కహాల్ 0.5 శాతం దాటితే అది మద్యం కిందికి వస్తుంది, ఆ గీత దాటడానికి లీటరులో 8 గ్రాముల చక్కెర పులిస్తే చాలు. మద్యం వద్దనుకుని అల్లం పానీయం పెట్టుకున్నవారికి ఇది చిన్న విషయం కాదని యజమానికి గట్టిగానే చెప్పాను.

రెండో కారణం వాల్వులో దొరికింది. అసలు రబ్బరు తొడుగు ఎండి చీలిపోతే, సైకిల్ షాపులో దొరికే వాల్వు ట్యూబు ముక్కను ఎవరో రెండు పొరలుగా తొడిగారు. పైగా నురగతో ఎగిసిన పాకం ఆ పొరల మధ్య ఎండి బెల్లం పాకంలా అతుక్కుంది. గోరుతో గీకితే తీగలు సాగింది. నీళ్లతో నింపిన పీపా మీద చేతిపంపుతో జాగ్రత్తగా పరీక్షిస్తే 20 దాటినా తెరుచుకోలేదు, అక్కడితో ఆపేశాను. పొట్ట ఉబ్బడం పీపా చేసిన హెచ్చరిక. నాలుగు అంగుళాల మూత మీద 10 పీఎస్ఐ దగ్గర పడే బలం దాదాపు 57 కిలోలు, 25 దగ్గర 140 కిలోలకు పైనే. ఆ మూతను ఉదయం వంగి విప్పేది యజమాని భార్య.

రెగ్యులేటర్

సిలిండర్ మీద బిగించి ఉన్నది వెల్డింగ్ దుకాణాల్లో దొరికే రెగ్యులేటర్. ములుగు రోడ్డు వైపు ఏ దుకాణంలో అడిగినా కార్బన్ డయాక్సైడ్‌కు అదే ఇస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. వారి కొనుగోలుదారులు వెల్డర్లే. దానికి గాజు గొట్టంలో గోళీ తేలుతూ నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చూపే ఫ్లో మీటరు ఉంటుంది. అది ప్రవాహాన్ని అదుపు చేస్తుంది, చివరి ఒత్తిడిని కాదు. వెల్డింగ్ టార్చిలో గ్యాస్ ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మూసిన పీపాకు కలిపితే ప్రవాహం ఆగినకొద్దీ గొట్టంలో ఒత్తిడి రెగ్యులేటర్‌కు లోపల కట్టిపెట్టిన అంకె దాకా, చాలావాటిలో 50 పీఎస్ఐ దాకా, ఎక్కుతుంది. మొదటి పీపా తొడుగు సరిగా ఉంది కాబట్టి సరిపోయింది. అదే గొట్టాన్ని రెండో పీపాకు తగిలించి ఎవరైనా మర్చిపోయి ఉంటే మూత మీద 285 కిలోల బలం పడేది.

చుట్టుపక్కలవారు ఇచ్చిన మరో సలహా వంటగ్యాస్ రెగ్యులేటర్ పెట్టమని. ఇది అంతకన్నా ప్రమాదం. ఇంటి గ్యాస్ బండలో ఒత్తిడి వేసవిలో కూడా పది బార్ల లోపే ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ ఒత్తిడి). కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో 20 డిగ్రీల దగ్గరే 57 బార్లు, 30 దగ్గర 72 బార్లు. ఆ రెగ్యులేటర్ శరీరం దీనికోసం పోతపోసినది కాదు. అలాగే మంటలార్పే సిలిండర్‌ను వాడుకోవచ్చా అని కూడా అడిగారు. దానిలో అడుగు దాకా గొట్టం ఉంటుంది, వాల్వు తెరిస్తే ద్రవమే బయటికి వస్తుంది. రెగ్యులేటర్ మంచుగడ్డ కడుతుంది. గ్యాస్ కూడా ఆహారానికి వాడేదని హామీ ఉండదు. పానీయాల గ్యాస్ ఐఎన్ఎస్ 290 (ఆహారంలో కలిపే పదార్థాల పట్టికలో కార్బన్ డయాక్సైడ్ సంఖ్య) కింద ఆహార ప్రమాణాలకు సరిపోయేదై ఉండాలి, సిలిండర్‌కు పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో ఆమోదం, భుజం మీద పరీక్ష తేదీ ముద్ర ఉండాలి.

చేసిన మార్పులు

ముందుగా పానీయాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు. దుకాణంలో ఒక విజీ కూలర్ (అద్దం తలుపున్న నిలువు ఫ్రిజ్) ఉంది, దానినిండా నీళ్ల సీసాలు ఉన్నాయి. కింది రెండు అరలు తీసి మొదటి పీపాను అందులో నిలబెట్టమంటే యజమాని కొంచెం వెనకాడారు. సీసాల అమ్మకం పోతుందని ఆయన భయం. చివరికి ఒప్పుకున్నారు. ప్లాస్టిక్ గోడ చలిని కూడా మెల్లగానే లోపలికి రానిస్తుంది, అందువల్ల గది వేడిలో ఉన్న 20 లీటర్లను కూలర్‌లో పెట్టి మరునాటికి 5 డిగ్రీలు కావాలంటే కాదు. అల్లం నీళ్లను మరగబెట్టి, వడగట్టి, చల్లార్చి, గిన్నెలతో సహా ముందే ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాకే పీపాలో పోసే పద్ధతి పెట్టాము. మరగబెట్టడంతో ఈస్టు బెడద కూడా చాలావరకు తగ్గింది. మిగిలిన పానీయాన్ని రాత్రి బయట ఉంచడం పూర్తిగా మానేశారు.

సిలిండర్‌కు పానీయాల రెగ్యులేటర్, రెండు గేజీలున్నది, తెప్పించాము. దాని తరువాత గొట్టంలో 12 పీఎస్ఐకి తెరుచుకునే వేరే సేఫ్టీ వాల్వు, పానీయం వెనక్కి ఎగదన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టాను. పీపా మూతలోని రబ్బరు తొడుగు ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. నిమ్మరసం కలిసిన పానీయం గ్యాస్‌తో చేరితే ఇత్తడినీ రాగినీ తింటుంది కాబట్టి పానీయం తగిలే చోట ఇత్తడి ముక్కలు లేకుండా ప్లాస్టిక్, స్టీలు భాగాలే వాడాము.

10 పీఎస్ఐ దగ్గర, 5 డిగ్రీల చల్లదనంలో లీటరుకు 4.6 గ్రాములు నిలిచింది. అయితే మొదటి రోజు గ్లాసులో పడింది సగం నురగే. పీపా నల్లా నేరుగా గోడకు ఉంటుంది; 10 పీఎస్ఐ నుంచి సున్నాకు ఒక్క అంగుళంలో పడిపోతే కరిగిన గ్యాస్ అక్కడే విడిపోతుంది. ఇంగ్లాండువారు తక్కువ గ్యాస్‌తో, తక్కువ ఒత్తిడితో వాడతారు కాబట్టి వారికి ఈ బాధ లేదు. నల్లా స్థానంలో 4.8 మిల్లీమీటర్ల రంధ్రమున్న గొట్టాన్ని నాలుగడుగుల పొడవున చుట్టగా పెట్టి, దాని చివర చేతి నల్లా బిగించాను. అంత సన్నని గొట్టం అడుగుకు రెండు మూడు పీఎస్ఐ మింగుతుంది. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ధార నెమ్మదించి గ్యాస్ పానీయంలోనే ఉంటుంది. చుట్ట కూలర్ లోపలే ఉండాలి, బయట వేలాడితే మొదటి గ్లాసు మళ్లీ నురగే.

ఖర్చు సంగతి యజమాని పట్టుబట్టి అడిగారు. 20 లీటర్లలో కరగడానికి 93 గ్రాములు, పానీయం ఖాళీ అయ్యేకొద్దీ ఆ చోటు నింపడానికి 65 గ్రాములు, మొత్తం 160 గ్రాముల లోపు గ్యాస్ కావాలి. గాలి తోలడంలో పోయేది కలుపుకున్నా 5 కిలోల సిలిండర్ పాతికసార్లకు వస్తుంది. అదే పని బుల్బులతో చేస్తే ఒక్క పీపాకే 20 బుల్బులు. ఖాళీ అయిన చోటును నింపే ఆ 65 గ్రాముల భాగం ఇంగ్లాండు పబ్బుల్లో పెద్ద వాదానికే దారితీసింది. పీపాలోకి గాలి బదులు వాతావరణ ఒత్తిడితోనే కార్బన్ డయాక్సైడ్‌ను రానిచ్చే 'కాస్క్ బ్రీదర్' అనే పరికరాన్ని, 1971లో పుట్టిన క్యామ్రా అనే సంప్రదాయ బీరు అభిమానుల సంఘం 2018 దాకా వ్యతిరేకిస్తూ వచ్చింది. నురగ పెంచని గ్యాస్‌తో అంత పేచీ ఎందుకో నాలాంటి మెకానిక్కు అర్థం కాదు.

యజమాని కోరికల్లో ఒకటి తీరలేదు. ఆయనకు గోలీ సోడా అంత ఘాటు కావాలి, అంటే లీటరుకు కనీసం 7 గ్రాములు. 5 డిగ్రీల దగ్గర కూడా దానికి 22 పీఎస్ఐ పట్టాలి. ఈ పీపా దానికి పనికిరాదని చెప్పాను. ఆ పని కోసం స్టీలు కెగ్గు ఒకటి తీసుకుంటానన్నారు.

సిలిండర్‌ను వెనక గదిలోంచి బయటి వసారాకు మార్చి, గొలుసుతో గోడకు కట్టించాము. ఆ గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, అంతే ఎత్తు. 5 కిలోల గ్యాస్ ఒక్కసారిగా బయటపడితే సుమారు 2,700 లీటర్లవుతుంది, గది గాలిలో అది 9 శాతానికి పైనే. 4 శాతాన్నే ప్రాణాపాయ స్థాయిగా లెక్కిస్తారు. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి ఆ గ్యాస్ నేల మీదే పేరుకుంటుంది, మధ్యాహ్నం అక్కడ చాప వేసుకుని పడుకునే పిల్లవాడు ఉన్నాడు. వసారాలో కూడా ఎండ తగలకుండా నీడ కట్టారు. 31 డిగ్రీలు దాటితే సిలిండర్‌లో ద్రవం, ఆవిరి అనే తేడా ఉండదు. అంతకు లోపున కూడా ద్రవం ఉన్నంతవరకు పెద్ద గేజీ ఒకే అంకె చూపుతుంది. ఎంత మిగిలిందో గేజీ చూసి చెప్పలేం, తూచాల్సిందే. ఖాళీ బరువు సిలిండర్ మీద ముద్రించి ఉంటుంది. త్రాసు దుకాణంలోనే ఉంది కాబట్టి వారానికోసారి తూచి గోడ మీద రాసుకుంటున్నారు.

రెండో పీపాకు అసలు రబ్బరు తొడుగు ఇక్కడ దొరకలేదు. ఇంగ్లాండులో ఉన్న వారి అమ్మాయి పంపుతానన్నది. అది వచ్చి, నీళ్ల మీద పరీక్షించి, 15 లోపు తెరుచుకుంటుందని చూసేదాకా దానికి గ్యాస్ కలపవద్దని చెప్పి వాల్వు రంధ్రాన్ని విప్పి ఉంచాను. ప్రస్తుతానికి దానిలో గ్యాస్ లేని సుగంధి షర్బత్ పోసి అమ్ముతున్నారు.